ఒకే డోసు, రెండు రిపోర్టులు: హెపటైటిస్ బి టీకాతో నా అనుభవం

కర్నూలులో డయాలిసిస్ రోగులు ఎక్కువగా వచ్చే ఒక ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరినప్పుడు, సర్టిఫికెట్లతో పాటు నన్ను మరో రెండు కాగితాలు అడిగారు. ఒకటి హెపటైటిస్ బి (రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) టీకా కార్డు, రెండవది టైటర్ రిపోర్టు, అంటే టీకాకు బదులుగా శరీరం తయారుచేసుకునే యాంటీబాడీ అనే రక్షణ ప్రోటీను రక్తంలో ఎంత ఉందో చెప్పేది. కార్డు నా దగ్గర ఉంది. పాత ఉద్యోగంలో ఉండగా మూడు డోసులూ వేసినట్టు తేదీలతో, సంతకాలతో ఫైలులో భద్రంగానే ఉంది. టైటర్ రిపోర్టు మాత్రం లేదు, ఎందుకంటే ఆ టీకాలు వేసిన చోట తర్వాత రక్తపరీక్ష చేయించాలన్న మాట ఎవరి నోటా రాలేదు. మన వైపు ఆస్పత్రుల్లో పనిచేసేవారిలో చాలామంది పరిస్థితి ఇదేనని నా అభిప్రాయం. టీకా వేయించుకున్న సంగతి తెలుసు, దానికి శరీరం ఏమని బదులిచ్చిందో తెలియదు. నా శరీరం ఇచ్చిన బదులు తెలుసుకోవడానికి ఏడాదికి కాస్త తక్కువ కాలం పట్టింది.

డయాలిసిస్ కేంద్రాల్లో ఈ టైటర్ కోసం అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అక్కడ రోగి రక్తం శరీరం బయట గొట్టాల్లో గంటల తరబడి తిరుగుతూ ఉంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. వైరస్ ఉన్న వ్యక్తికి వాడిన సూది టీకా లేని ఉద్యోగికి గుచ్చుకుంటే, ఆ రక్తంలో వైరస్ ఎంత చురుకుగా ఉన్నదన్న దాన్ని బట్టి, జబ్బు అంటుకునే అవకాశం 6 నుంచి 30 శాతం వరకూ ఉంటుంది. హెచ్‌ఐవీ విషయంలో అది 0.3 శాతమే. అందరూ భయపడేది హెచ్‌ఐవీకి, ల్యాబులో పనిచేసేవాడు నిజంగా భయపడవలసింది దీనికి.

చేరిన వారంలోనే నాదీ, నాతో పాటే చేరిన ఒక స్టాఫ్ నర్సుదీ రక్తం తీసి మూడు పరీక్షలు చేశారు. ఈ మూడింటినీ విడివిడిగా అర్థం చేసుకోకపోతే తర్వాతి కథ బోధపడదు. మొదటిది హెచ్‌బీఎస్ఏజీ, ఇది యాంటీబాడీ కాదు, వైరస్ పైతొడుగులోని ప్రోటీను. 1960లలో బరూచ్ బ్లుంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో గుర్తించి, 1976లో నోబెల్ అందుకున్నది దీనికే. ఆయన పుట్టినరోజైన జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు. ఇది పాజిటివ్ అయితే వైరస్ ఒంట్లో ఉన్నట్టే. రెండవది యాంటీ హెచ్‌బీఎస్, అంటే ఆ పైతొడుగు ప్రోటీనుకు ఎదురుగా శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీ. మనం టైటర్ అని పిలిచేది దీన్నే. మూడవది యాంటీ హెచ్‌బీసీ, అంటే వైరస్ లోపలి భాగానికి ఎదురుగా పుట్టే యాంటీబాడీ. టీకాలో ఉండేది పైతొడుగు ప్రోటీను మాత్రమే, లోపలి భాగం దానిలో ఉండదు. కాబట్టి టీకా ఎన్నిసార్లు వేసినా మూడవ పరీక్ష పాజిటివ్ కాదు. నిజమైన వైరస్ ఒంట్లోకి వచ్చిన వారికి మాత్రమే అవుతుంది. ఒక మనిషి ఒంట్లోని యాంటీబాడీ టీకాతో వచ్చిందా, జబ్బుతో వచ్చిందా అన్నది తేల్చడానికి ఇంతకంటే తేలికైన దారి మరొకటి లేదు.

మా ఇద్దరికీ మొదటిదీ, మూడవదీ నెగటివ్ వచ్చాయి. టైటర్ నాకు 2.3, ఆమెకు 3.1 అని వచ్చింది. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్క. ఇద్దరమూ ఆ గీతకు చాలా కింద ఉన్నాం. మరి మూడేసి డోసుల టీకా ఏమైపోయినట్టు?

మైక్రోబయాలజీ మేడం ఆ రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టుకుని, ఈ అంకెలు ఈరోజు ఏమీ చెప్పవన్నారు. మూడవ డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లోపు చేసిన పరీక్షలో 10 కంటే తక్కువ వస్తే, ఆ మనిషి టీకాకు స్పందించలేదని కచ్చితంగా చెప్పవచ్చు. ఏళ్ళు గడిచాక చేస్తే రెండు అర్థాలు వస్తాయి. అసలు ఎన్నడూ యాంటీబాడీ పుట్టలేదన్నది ఒకటి. అప్పట్లో బాగానే పుట్టి, కాలక్రమంలో పరీక్షకు అందనంతగా తగ్గిపోయిందన్నది రెండవది. మొదటి రకం మనిషికి రక్షణ లేదు, రెండవ రకం మనిషికి ఉంది. రిపోర్టులో మాత్రం ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. వారిని వేరు చేయాలంటే మరొక డోసు వేసి, నెల దాటాక మళ్ళీ రక్తం చూడాలి.

అదెలా వేరు చేస్తుందో తెలియాలంటే టీకా వేసిన తర్వాత లోపల జరిగేది తెలియాలి. కండలోకి వెళ్ళిన ప్రోటీను కణికల్ని అక్కడ కాపలా తిరిగే కణాలు పట్టుకుని, దగ్గరలోని లింఫ్ గ్రంథికి చేరుస్తాయి. భుజానికి వేసిన టీకా అయితే చంకలోని గ్రంథులకు. కొందరికి టీకా తర్వాత చంకలో బిళ్ల కట్టినట్టు ఉండేది ఇందుకే. ఆ గ్రంథుల్లో లెక్కలేనన్ని బి కణాలు, అంటే యాంటీబాడీలను తయారుచేసే వంశపు తెల్ల రక్తకణాలు ఉంటాయి, ఒక్కొక్కదాని ఒంటిమీద ఒక్కో తీరు గ్రాహకం, అంటే పరాయి ప్రోటీనును పట్టుకునే కొక్కెం ఉంటుంది. ఈ వైవిధ్యం జన్యు ముక్కలు రకరకాలుగా అతుక్కోవడం వల్ల వస్తుందని నిరూపించినందుకే సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ ఇచ్చారు. వచ్చిన ప్రోటీనుకు సరిపడే గ్రాహకం ఉన్న బి కణాలు బహుకొద్ది. వాటికి టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల తోడ్పాటు దొరికితేనే అవి విభజన చెంది సంఖ్య పెంచుకుంటాయి. ఈ వెతుకులాటకూ, పెరుగుదలకూ కనీసం వారం పది రోజులు పడుతుంది. అంతవరకూ రక్తంలో ఏ పరీక్షకూ ఏమీ దొరకదు. మొదట ఐజీఎం రకం యాంటీబాడీలు కొద్దిగా వస్తాయి, తర్వాత ఐజీజీ రకం. గ్రంథిలో ఏర్పడే ప్రత్యేక కేంద్రాల్లో ఈ బి కణాలు వారాల తరబడి తమ గ్రాహకాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ ఉంటాయి. ప్రోటీనును గట్టిగా పట్టుకోగలిగినవి నిలుస్తాయి, పట్టులేనివి చనిపోతాయి. నిలిచినవాటిలో కొన్ని ప్లాస్మా కణాలై ఎముక మజ్జలోకి చేరి యాంటీబాడీలను ఉత్పత్తి చేస్తూ పోతాయి. మరికొన్ని ఆ ప్రోటీనును గుర్తుపెట్టుకునే స్మృతి కణాలుగా మిగిలిపోతాయి.

రక్తంలో యాంటీబాడీ అంకె నిలబడేది ఆ ప్లాస్మా కణాల పుణ్యాన. ఒకసారి తయారైన ఐజీజీలో దాదాపు మూడు వారాలకే సగం అంతరించిపోతుంది కనుక, కొత్తది వస్తూ ఉండకపోతే ఏ టైటరూ ఆరు నెలలు కూడా నిలవదు. ప్లాస్మా కణాలు తగ్గేకొద్దీ అంకె తగ్గుతుంది. స్మృతి కణాలు మాత్రం మామూలు రక్తపరీక్షల్లో కనబడకుండా ఉండిపోతాయి. వాటికి అదే ప్రోటీనును మళ్ళీ చూపిస్తే నాలుగైదు రోజుల్లోనే యాంటీబాడీ పైకి లేస్తుంది. ఆ ఒక్క అదనపు డోసు ఉద్దేశం వాటిని పలకరించడమే.

మా ఇద్దరికీ ఆ డోసు వేసిన రోజు నాకు బాగా గుర్తుంది. అప్పుడు మే నెల. కల్లూరు నుంచి ల్యాబుకు వచ్చేసరికే చొక్కా తడిసిపోయేంత ఎండ. టీకా వేసే సిస్టర్ ఫ్రిజ్‌లో నుంచి సీసా తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసింది. అడుగున తెల్లని మడ్డి పేరుకుని, పైన నీటిలా తేటగా ఉంది. అరచేతిలో మెల్లగా ఆడిస్తే అంతా కలిసి పలచని పాలలా అయింది. గడ్డలు, పొరకలు లేవు. ఆ మడ్డి అల్యూమినియం లవణం, టీకా ప్రోటీను దానికే అంటుకుని ఉంటుంది. మన ఎండలు చూసి ఈ టీకాకు వేడే శత్రువనుకుంటాం. నిజానికి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన ఈ టీకాను ఒక్కసారి గడ్డకట్టనిస్తే ఇంకా త్వరగా చెడిపోతుంది. గడ్డకట్టి కరిగిన సీసాలో ఆ లవణం పొరకలుగా ముద్దకట్టి త్వరత్వరగా అడుగుకు దిగిపోతుంది, దాన్ని వేసినా వేయనట్టే. ఎండకు భయపడి టీకా సీసాలను ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టే చోట్లు నేను చూశాను.

ఆ సిస్టర్ నా చొక్కా చేతిని భుజం దాకా మడవమంది. అప్పుడు నాకు పాత డోసుల సంగతి గుర్తొచ్చింది. ముందు పనిచేసిన చోట ఉద్యోగులందరినీ వరుసగా నిలబెట్టి, వాటిని పిరుదుకు వేశారు. ఈ మాట మేడంతో అంటే ఆమె కార్డు మీద ఆ విషయం పెన్సిలుతో రాసుకున్నారు. పిరుదుకు వేస్తే మందు కండకు చేరకుండా కొవ్వులోనే ఉండిపోయే అవకాశం ఎక్కువనీ, అలా వేసినవారిలో యాంటీబాడీ తక్కువగా వస్తుందనీ 1980లలోనే తేలింది. అందుకే పెద్దలకు ఈ టీకా భుజం కండకే వేయాలన్న నియమం వచ్చింది. నా విషయంలో కారణం అదొక్కటే అని చెప్పలేం. నలభై దాటిన వయసు, బరువు, పొగతాగడం, మధుమేహం, కిడ్నీ జబ్బు, కొన్ని వంశపారంపర్య లక్షణాలు కూడా స్పందనను తగ్గిస్తాయి. వీటిలో మొదటి రెండూ నాకు వర్తిస్తాయి. ఏ లోపమూ లేకుండా సక్రమంగా మూడు డోసులు వేయించుకున్న ఆరోగ్యవంతులైన పెద్దలలో కూడా 5 నుంచి 10 శాతం మందికి టైటర్ 10 దాటదు.

నెల గడిచేదాకా ఆగమన్నారు. రోజూ ఇతరుల నమూనాలు నడిపే మనిషికి ఆగడం కష్టమే. పదో రోజుకే ఒక ట్యూబు రక్తం తీసుకుని పరీక్ష ప్లేటులో ఒక మూల పెట్టుకుందామా అనిపించింది. మేడం ఒప్పుకోలేదు. అప్పటికి వచ్చే అంకె ఎక్కే దారిలో ఉంటుందే తప్ప, దేన్నీ తేల్చదు. పైగా ఈ టీకా వేసిన కొత్తలో మరో చిక్కు ఉంది. టీకాలోని హెచ్‌బీఎస్ఏజీయే రక్తంలోకి వచ్చి రెండున్నర వారాల వరకూ పరీక్షలో పాజిటివ్‌గా కనబడవచ్చు. మా దగ్గరకే అలాంటి కుర్రవాడు ఒకడు వచ్చాడు. హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల్లో హెచ్‌బీఎస్ఏజీ స్వల్పంగా పాజిటివ్ వచ్చేసరికి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయారు. పెళ్ళి సంబంధం కూడా నడుస్తోందట. అడిగితే నాలుగు రోజుల కిందటే టీకా వేయించుకున్నానన్నాడు. నెల తర్వాత చేస్తే నెగటివ్, యాంటీ హెచ్‌బీసీ కూడా నెగటివ్. టీకా వేయడానికి ముందే రక్తం చూడాలనడానికి ఇదొక కారణం.

తేదీ పట్టించుకోకుండా యాంటీబాడీ పరీక్ష చేయించుకోవడం కోవిడ్ కాలంలో మన ఊళ్ళలో విపరీతంగా చూశాం. 2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలయ్యాక, డోసు వేయించుకున్న మూడో రోజే ‘యాంటీబాడీ వచ్చిందో లేదో చూడండి సార్’ అంటూ వచ్చేవారు. ఆ తొందర ఒక ఎత్తు, కిట్ల తేడా మరో ఎత్తు. కోవిషీల్డ్ టీకా కరోనా వైరస్‌లోని స్పైక్ ప్రోటీను మీదే యాంటీబాడీ పుట్టిస్తుంది. అప్పట్లో ల్యాబుల్లో ఉన్న కిట్లలో కొన్ని స్పైక్‌ను కాక, న్యూక్లియోక్యాప్సిడ్ అనే లోపలి ప్రోటీను మీద పుట్టిన యాంటీబాడీని వెతికేవి. జబ్బు రాకుండా కోవిషీల్డ్ మాత్రమే వేయించుకున్నవారికి ఆ కిట్‌తో ఎన్నాళ్ళకు చేసినా నెగటివే వస్తుంది. మొత్తం వైరస్‌ను నిర్వీర్యం చేసి తయారుచేసిన కోవాగ్జిన్ సంగతి వేరు. దానిలో లోపలి ప్రోటీను కూడా ఉంటుంది. యాంటీ హెచ్‌బీఎస్‌కూ, యాంటీ హెచ్‌బీసీకీ ఉన్న తేడా లాంటిదే ఇదీ.

చివరికి మా ఇద్దరి నమూనాలూ ఒకే ప్లేటులో పెట్టిన రోజు వచ్చింది. యాంటీబాడీని రంగుతో కొలిచే ఎలైజా పద్ధతిని 1971లో స్వీడన్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ వెలువరించారు. దాని సూత్రం ఇప్పటికీ అదే. తొంభై ఆరు గుంతల ప్లాస్టిక్ ప్లేటు, ఒక్కో గుంత అడుగున హెచ్‌బీఎస్ఏజీ పూత. దానిలో సీరమ్ (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే తేట ద్రవం) వేసి 37 డిగ్రీల వేడిలో ఉంచితే, సీరమ్‌లో యాంటీబాడీ ఉంటే ఒక చేత్తో ఆ పూతను పట్టుకుంటుంది. కడిగేసి, ఎంజైము తగిలించిన హెచ్‌బీఎస్ఏజీని వేస్తే రెండో చేత్తో దాన్నీ పట్టుకుంటుంది. మళ్ళీ కడిగి రంగునిచ్చే ద్రావణం వేస్తే, ఎంజైము మిగిలిన గుంతలు నీలం తిరుగుతాయి. ఆమ్లం చుక్క పడగానే ఆ నీలం పసుపు అవుతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో 450 నానోమీటర్ల కాంతితో రీడర్ కొలిచి, తెలిసిన ప్రమాణాలతో పోల్చి అంకె చెబుతుంది. ఆ రోజు రీడర్ దాకా పోనవసరం లేకపోయింది. ఆమె గుంతలో నీలం ముందే ఉరికినట్టు వచ్చింది. పక్కనే నా గుంత నీళ్ళలా ఉంది, ఎంతో తేరిపార చూస్తే గాని రంగు ఆనవాలు లేదు. ఆమెకు 412. నాకు 5.8.

“ఏందన్నా, ఇద్దరికీ ఒకే మందు, ఒకే చెయ్యి వేసింది. నాకెక్కింది, నీకెక్కలేదే?” అంది ఆమె, కాస్త నొచ్చుకుంటూనే.

“నీకు ఇప్పుడెక్కింది కాదులేమ్మా, నర్సింగ్ చదివేటప్పుడే ఎక్కింది. ఇప్పుడు లేచింది” అన్నాను.

జరిగింది అదే. చదువుకునే రోజుల్లో ఆమెకు వేసిన టీకా పనిచేసింది, స్మృతి కణాలు మిగిలాయి, రక్తంలోని యాంటీబాడీ మాత్రం ఏళ్ళ తరబడి తరిగిపోయింది. ఒక్క డోసుతో అవి మేల్కొన్నాయి. నాలో మేల్కొనడానికి అసలు ఏమీ మిగల్లేదు, లేదా మొదట్లోనే ఏమీ ఏర్పడలేదు. నెల కిందట ఒకే అర్థం ఇచ్చిన 2.3, 3.1 అనే అంకెలకు అసలు తేడా ఇప్పుడు బయటపడింది. ఆమె ఫైలు అక్కడితో ముగిసింది. నాది టీకా వరుస మొదటినుంచి మళ్ళీ మొదలైనట్టు లెక్క: వేసిన డోసును మొదటిదిగా ఎంచి, ఇంకొకటి వెంటనే, చివరిది మొదటి డోసు నుంచి ఆరో నెలలో.

చివరి డోసుకు అంత ఎడం ఎందుకన్నది నాకు చాలాకాలంగా ఉన్న సందేహం. నెలనెలా వరుసగా మూడూ వేసేస్తే పని అయిపోదా? మొదటి రెండూ బి కణాలను వెతికి పెంచే పని చేస్తాయి. ఆ తర్వాత నెలల పాటు గ్రంథుల్లో ఎంపిక జరిగి, గట్టి పట్టున్న స్మృతి కణాలు తయారవడానికి వ్యవధి కావాలి. ఆ తర్వాత వచ్చే డోసు వాటినే పలకరిస్తుంది కనుక టైటర్ ఒక్కసారిగా చాలా ఎత్తుకు లేస్తుంది. నలభై ఏళ్ళలోపు ఆరోగ్యవంతులలో మొదటి డోసు తర్వాత 30 నుంచి 55 శాతం మందికి, రెండో డోసుతో దాదాపు 75 శాతం మందికి, మూడోదానితో 90 శాతం పైబడి మందికి రక్షణ స్థాయి వస్తుంది. రెండు డోసులతో ఆపేసేవారు పోగొట్టుకునేది ఆ చివరి మెట్టునే. ఎత్తుగా లేచిన టైటర్ పడిపోవడానికి కూడా ఎక్కువ ఏళ్ళు పడుతుంది.

నేను చివరి డోసు కోసం ఎదురుచూస్తున్న ఆ నెలల్లోనే, టీకాతో కాక జబ్బుతో యాంటీబాడీ ఎలా వస్తుందో చూపిన మనిషి ఒకరు మా ల్యాబుకు వచ్చారు. ఆదోని వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు. కళ్ళు పసుపెక్కి, మూత్రం చిక్కబడితే పసిరికలని చెప్పి మొదట ఊళ్ళో పసరు పోయించుకున్నాడు; అది తగ్గకపోతేనే ఇక్కడికి వచ్చాడు. తొలి నమూనాలో హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, లోపలి భాగానికి పుట్టే ఐజీఎం యాంటీబాడీ పాజిటివ్. అంటే జబ్బు కొత్తది. యాంటీ హెచ్‌బీఎస్ మాత్రం సున్నా. వైరస్ ఒంట్లో అడుగుపెట్టిన రెండు మూడు నెలలకు గాని కామెర్లు కనబడవు కదా, ఇన్నాళ్ళూ శరీరం పైతొడుగు ప్రోటీనును గుర్తించనే లేదా అని నాకు అనుమానం వచ్చింది. మేడం చెప్పిన జవాబు ఈ ఏడాది మొత్తంలో నాకు నచ్చిన విషయం. ఈ వైరస్ తనకు అవసరమైన దానికంటే ఎన్నో వేల రెట్లు పైతొడుగు ప్రోటీనును, 22 నానోమీటర్ల ఉత్త కణికల రూపంలో, రక్తంలోకి వదులుతుంది. శరీరం యాంటీబాడీని చేస్తూ ఉన్నా, పుట్టిందల్లా ఆ కణికలకే అతుక్కుపోతుంది. మన ఎలైజా ప్లేటు పట్టుకోవడానికి చేయి ఖాళీగా ఉన్న యాంటీబాడీ మిగలదు. యాంటీబాడీ ఉండటం వేరు, పరీక్షకు దొరకడం వేరు.

నెలల తర్వాత అతని నమూనాలో హెచ్‌బీఎస్ఏజీ పోయింది, యాంటీ హెచ్‌బీఎస్ ఇంకా రాలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలో వైరస్ గుర్తూ కనబడదు, రక్షణ గుర్తూ కనబడదు; యాంటీ హెచ్‌బీసీ ఒక్కటే సాక్ష్యం. కేవలం హెచ్‌బీఎస్ఏజీ మాత్రమే చేసి ఉంటే, అతనికి ఎన్నడూ ఈ జబ్బు తగలలేదని రిపోర్టు ఇచ్చేవాళ్ళం. ఆ తర్వాత వచ్చినప్పుడు యాంటీ హెచ్‌బీఎస్ బాగా పైకి వచ్చింది. పెద్దవారిలో దాదాపు 95 శాతం మంది ఇలా తమంతట తామే కోలుకుంటారు. పుట్టుకతోనే తల్లి నుంచి సోకిన శిశువుల్లో మాత్రం ఏ చికిత్సా, టీకా లేకపోతే 90 శాతం మందిలో వైరస్ స్థిరపడిపోతుంది, ఎందుకంటే ఆ వయసులో దాన్ని పరాయిదిగా గుర్తించి తరిమే పరిణతి శరీరానికి ఉండదు. పసరు వల్లే తనకు నయమైందని ఆ డ్రైవరు ఇప్పటికీ అందరికీ చెబుతూ ఉండవచ్చు. తమంతట తగ్గే జబ్బుల్లో మంచి పేరు చివరగా తాగిన మందుకు దక్కుతుంది.

నా చివరి డోసు తర్వాత నిర్ణీత సమయానికి చేసిన పరీక్షలో 68 వచ్చింది. గొప్ప అంకె కాదు. బ్రిటన్‌లో 10కీ 100కీ మధ్య ఉన్నవారిని బలహీనంగా స్పందించినవారిగా చూసి మరో డోసు వేస్తారు. మన దగ్గర మేము అనుసరించే పద్ధతిలో సక్రమమైన సమయంలో 10 దాటితే చాలు. నా ఫైలు మీద ‘స్పందించారు’ అని రాసి సంతకం చేశారు. ఇకపై ఏటా టైటర్ చూడనక్కరలేదు, అది రేపు 10 కిందకు దిగినా కొత్త డోసు అవసరం లేదు. ఈ వైరస్ ఒంట్లో నిలదొక్కుకోవడానికి నెలలు తీసుకుంటుంది, స్మృతి కణాలు రోజుల్లో లేస్తాయి. ఆ పరుగులో అవే గెలుస్తాయి. మా డయాలిసిస్ రోగుల సంగతి వేరు. వారికి మామూలు 20 మైక్రోగ్రాములకు బదులు 40 మైక్రోగ్రాముల డోసు వేసినా స్పందన అంతంతమాత్రమే, స్మృతి కణాల మీద భరోసా పెట్టుకోలేం. అందుకే వారికి ఏటా పరీక్ష చేసి, 10 కిందకు దిగితే మళ్ళీ డోసు వేస్తాం. రెండు వరుసలూ పూర్తయ్యాక కూడా నా టైటర్ 10 దాటకపోయి ఉంటే, వైరస్ ఉన్న రోగి సూది గుచ్చుకున్న ప్రతిసారీ హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ నెల ఎడంతో రెండుసార్లు వేయించుకోవలసి వచ్చేది. అది ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీ, ఖరీదైనది, తాత్కాలికమైనది.

ఆ ఇమ్యునోగ్లోబులిన్ వేయించుకున్నవారి టైటర్‌ను కూడా మేము ఒకప్పుడు అందరిలాగే నడిపేవాళ్ళం. ఇప్పుడు యాంటీ హెచ్‌బీఎస్ నమూనా తీసుకునేటప్పుడు చివరి డోసు తేదీ, మొత్తం డోసుల సంఖ్య, ఇమ్యునోగ్లోబులిన్ ఎప్పుడైనా వేయించుకున్నారా అన్న మూడూ ఫారంలో రాయించుకుంటున్నాం. ఇమ్యునోగ్లోబులిన్ వేసి ఆరు నెలలు కాకపోతే కనబడేది దాత యాంటీబాడీ కావచ్చు కనుక ఆగమంటాం. వైరస్ ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డలను, పుట్టిన రోజున టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించి ఉంటారు కనుక, తొమ్మిది నెలలు నిండేదాకా తీసుకురావద్దని చెబుతాం. తీసుకొచ్చాక హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ మాత్రమే చేస్తాం. యాంటీ హెచ్‌బీసీ చేయం. తల్లి ఐజీజీ మాయ ద్వారా బిడ్డకు చేరి రెండేళ్ళ వరకూ కనబడవచ్చు, అది తల్లి జబ్బు గురించే చెబుతుంది.